మొహం కనపడని ఫైటు

పూర్ణిమకూ దివ్యకూ స్నేహం కుదిరింది తారు డబ్బా దగ్గర. తార్నాక చౌరస్తాలో ఒక బూతు సినిమా పోస్టర్ అతికించారు. దాని కింద నిలబడి బస్సు కోసం చూడాలంటే ఆడపిల్లలకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది. యూనివర్సిటీ అమ్మాయిలు కొందరు ఒక పొద్దున తారూ బ్రష్షులూ పట్టుకుని బయల్దేరారు. తీరా వెళ్తే పోస్టర్ ఎవరికీ అందనంత ఎత్తులో ఉంది. పూర్ణిమ ప్రహరీ మీదికి ఒక్క ఎగురు ఎగిరి నిలబడింది. కింద నుంచి డబ్బా అందించిన పిల్ల దివ్య. పని ముగిసేసరికి ఇద్దరి చున్నీలకూ ఉతికినా పోని మరకలయ్యాయి.

"ఏమే, సర్కస్‌లో చేసినావా నువ్వు?" అంది దివ్య తిరిగి వస్తూ.

"సర్కస్ కాదు, కరాటే," అని నవ్వింది పూర్ణిమ.

అది తొంభై మూడో సంవత్సరం. పూర్ణిమది జనగామ దగ్గర పల్లె. తండ్రి లక్ష్మయ్య పత్తి, మక్కలు వేస్తాడు. ఎం.ఏ. చదవడానికి వచ్చి లేడీస్ హాస్టల్లో ఉంటూ, సాయంత్రాలు జిమ్నాజియంలో బాలస్వామి సారు దగ్గర కరాటే నేర్చుకుంటోంది. దివ్య జర్నలిజం విద్యార్థిని. వాళ్లు కర్నూలు నుంచి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడ్డారు. తండ్రి రాఘవేంద్ర యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. తల్లి శారద ఆదివారం ఉగ్గాని బజ్జీ చేసిందంటే పూర్ణిమకు కబురు వచ్చేది. హాస్టల్ సాంబారుతో నాలుక మొద్దుబారిన పిల్లకు ఆ ఇల్లు పుట్టిల్లులాగే తోచింది.

అట్లా ఒక ఆదివారం మధ్యాహ్నం, డాబా మీద వడియాలకు కాపలా కూర్చున్నప్పుడు దివ్య అడిగింది, "అసలు నీకు ఈ కరాటే పిచ్చి ఎట్లా పట్టిందే?"

పూర్ణిమ వడియాల మీద వాలబోయిన కాకిని తోలింది. తర్వాత చెప్పింది. డిగ్రీ చివరి ఏడు. అక్క భారతమ్మ అత్తగారి పెద్దకర్మ. ఇంటినిండా చుట్టాలు. విస్తరాకులు తెమ్మంటే పత్తి నిలవేసిన అర్రలోకి వెళ్లింది. వెనకాలే బావ వచ్చి తలుపు మూశాడు. ఆయన చేతులు మీద పడ్డప్పుడు అరవాలనుకుంది. గొంతు లేవలేదు. నెట్టేయాలనుకుంది. చెయ్యి లేవలేదు. పొలంలో గుంటుక తోలిన చెయ్యి, పత్తి బోరాలు లేపిన చెయ్యి, తనది కానట్టు వేలాడుతూ ఉండిపోయింది. పత్తి కుప్ప మీద ఒక పిల్లి కూర్చుని ఆమెనే చూస్తోంది. ఆమె కూడా ఆ పిల్లి కళ్లల్లోకే చూస్తూ నిలబడింది. బయట ఎవరో ఆయన్ని పేరు పెట్టి పిలవబట్టి సరిపోయింది.

"అక్కకు చెప్పలే. అమ్మకు చెప్పలే. ఇంకోసారి నా చెయ్యి అట్ల పడిపోవద్దని కరాటేల చేరిన," అంది.

దివ్య ఏడ్చేసింది. పూర్ణిమ రెండు చేతులూ పట్టుకుని, "ఇది నా కడుపులో పెట్టుకుంటానే. మా అమ్మకు కూడా చెప్పను," అంది. ఆ రోజు డాబా దిగుతుంటే పూర్ణిమకు ఒంట్లో ఏదో బరువు తగ్గినట్టయింది.

దివ్య చదువు ముగిసేసరికి పూర్ణిమకు కరాటేలో నల్ల బెల్టు వచ్చింది, దివ్యకు సినిమాలో పని దొరికింది. ఒక దర్శకుడి దగ్గర మాటల సహాయకురాలు. నెల తిరక్కుండానే హాస్టల్‌కు పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు డూప్ చెయ్యాలి. కాదనొద్దు."

"ఏంది, సినిమాలనా? గా సినిమాలకే గదనే మనం తారు పూసింది?"

"అందుకే చెప్తాండా. ఇందులో హీరో లేడు. ఆమే హీరో. పోలీసాఫీసరు. ఫైట్లన్నీ ఆమెవే. అయితే మామూలుగా ఏం చేస్తారో తెలుసా? మగవాడికి విగ్గు పెట్టి, చీర కట్టి దూకిస్తారు. ఆడదాని ఫైటు కూడా మగవాడే చెయ్యాల్నా? నాకు కడుపు మండి నీ పేరు చెప్పేసినా."

పూర్ణిమ ఇంకా తటపటాయిస్తుంటే దివ్య ఆమె పక్కన కూర్చుంది. "హాల్లో ఆడోళ్లు కూర్చుని ఒక ఆడది మగోణ్ణి తంతాంటే చూడాలే పూర్ణీ. అది చూసిన పిల్ల మర్నాడు బస్సులో ఊరికే నిలబడుతుందా? మనం వంద పోస్టర్లకు తారు పూసినా రానిది ఒక్క సినిమాతో వస్తుంది."

ఆ మాటకు పూర్ణిమ ఒప్పుకుంది.

షూటింగ్ సగానికి సగం క్యాంపస్‌లోనే జరిగింది. ఫైట్ మాస్టర్ మద్రాసు మనిషి. ఆడపిల్లను డూప్‌గా తెచ్చారని మొదట మొహం చిట్లించాడు. పూర్ణిమ ఒక కుర్రాడి చేతిలో కుండ పెట్టి తల మీదికెత్తి పట్టుకోమంది. గాలిలోకి లేచి ఆ కుండను మడమతో పగలగొట్టింది. అతని తలవెంట్రుక కదల్లేదు. మాస్టర్ బీడీ పారేసి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఆమెను తమిళంలో గౌరవంగా 'వాంగమ్మా', రండమ్మా అనే పిలిచేవాడు.

ఖాకీ బట్టలు వేసుకుని, హీరోయిన్ జడ లాంటి విగ్గు పెట్టుకుని, కెమెరాకు వీపు చూపిస్తూ తన్నాలి. మొహం పడితే షాటు పనికిరాదు. ఒకసారి జీపు మీది నుంచి దూకి మోకాలు చెక్కుకుపోతే హీరోయినే వచ్చి మందు రాసింది. పాపం మంచిదే. "నేను గట్టిగా నడిస్తేనే మా అమ్మ తిడుతుంది, నువ్వెట్లా దూకుతావమ్మా?" అంది. లైబ్రరీ వెనక రాతి మెట్ల మీద క్లైమాక్స్ తీశారు. విలన్ మనుషులను ఒక్కొక్కరినే పడగొడుతూ మెట్లెక్కి, చివర విలన్‌ను కాలర్ పట్టుకుని ఈడ్చుకురావాలి. ఆ షాటు ఒకే టేకులో వచ్చింది. చుట్టూ మూగిన విద్యార్థులు ఈలలు వేసి గోల చేస్తుంటే, దివ్య గుంపును తోసుకుని వచ్చి పూర్ణిమను కావలించుకుంది. మొహం కనపడకపోతేనేం, ఆ కాలు తనది, ఆ చెయ్యి తనది. పూర్ణిమ ఆ రాత్రి హాస్టల్ పిల్లలకు మోకాలు చూపించి మురిసిపోయింది.

సినిమా తార్నాకలో విడుదలైన వారం హాస్టల్ పిల్లలంతా మ్యాట్నీకి కదిలారు. వాళ్ల వెంట ప్రియాంక కూడా వచ్చింది. మౌలాలి నుంచి రోజూ బస్సులో వచ్చే బి.ఎస్సీ. పిల్ల. ఎవరైనా గట్టిగా పలకరిస్తే బెదిరిపోయే రకం. హాలు సగం ఆడవాళ్లే. మొదటి ఫైట్లో ఖాకీ బట్టల మనిషి గాలిలోకి లేవగానే హాస్టల్ పిల్లలంతా లేచి నిలబడ్డారు. "అక్కా, నువ్వే! గది నువ్వే!" అని అరిచారు. ముందు వరసలో ఒక ముసలమ్మ, "తన్ను బిడ్డా, ఇంకోటి తన్ను," అంటోంది. పూర్ణిమకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దివ్య చెప్పింది నిజమే అనుకుంది.

ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ మొదలైంది.

హీరోయిన్ పోలీసు ఎందుకయిందో చెప్పే కథ. పల్లెటూరు. పెద్ద వాన. తడిసిన చీరతో పిల్ల పత్తి గోదాములోకి వస్తుంది. వెనకాల ఊరి దొర తలుపు మూస్తాడు. పూర్ణిమ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. మామూలు సినిమా సీనే అని సర్దిచెప్పుకుంటుండగా తెర మీద పత్తి కుప్ప కనిపించింది. కుప్ప మీద పిల్లి. తెరనిండా పిల్లి కళ్లు.

కెమెరాకు తొందర లేదు. తడిసిన చీర వెంట తీరిగ్గా పాకుతోంది. హాల్లో వెనక వరసల నుంచి ఒక ఈల లేచింది. దానికి జవాబుగా ఇంకొకటి. తర్వాత హాలంతా ఈలలే. "వన్స్ మోర్!" అని ఎవడో అరిస్తే నవ్వులు. ఇంతసేపూ 'తన్ను, తన్ను' అన్న హాలేనా ఇది? పక్కన ప్రియాంక తల దించుకుని చున్నీ కొస నలుపుతోంది. లేచి వెళ్లిపోవాలనుకుంది పూర్ణిమ. కాళ్లు లేవలేదు. నల్ల బెల్టు కట్టుకున్న నడుము, కుండలు పగలగొట్టిన మడమలు అన్నీ ఆ కుర్చీలో రాయిలా పడి ఉన్నాయి. తెర మీద పిల్లి ఆమెనే చూస్తోంది.

క్లైమాక్స్ వచ్చేసరికి ఆమెకు ఏదీ సరిగా ఎక్కలేదు. రాతి మెట్ల మీద తాను పడగొట్టిన మనుషులు ఇద్దరో ముగ్గురో మిగిలారు. హీరోయిన్‌ను స్తంభానికి కట్టేశారు. ఎక్కడి నుంచో ఒక పేరున్న హీరో మోటార్ సైకిల్ మీద అద్దాలు పగలగొట్టుకుంటూ వచ్చి కట్లు విప్పాడు. విలన్‌ను ఈడ్చుకొచ్చింది కూడా అతనే.

పూర్ణిమ హాల్లోంచి తిన్నగా విద్యానగర్ వెళ్లింది. తలుపు తీసిన శారద మొహం విప్పారింది. "రామ్మా, మీ సినిమా శానా బాగా పోతాండాదంట కదా! కూచో, కాఫీ తెస్తా." ఆమె ముందు ఏమీ అనలేక పూర్ణిమ డాబా మీదికి నడిచింది. దివ్య వెనకాలే వచ్చింది. పూర్ణిమ మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"నీ పేరు యాడా లేదే. బావ అని కూడా పెట్టలేదు, దొర అని మార్చినా. అది నీదని ఎవరికీ తెలీదు."

"నాకెర్క గద."

దివ్య పిట్టగోడకు ఆనుకుంది. "నేను మొదట రాసింది నువ్వు చెప్పినట్టే. వాన లేదు. పిల్ల చెయ్యి లేవకపోవడం, అంతే. అది చదివి డైరెక్టర్ కదిలిపోయినాడు. తర్వాత సినిమా కొనేవాళ్లు వచ్చినారు. ఉత్త ఫైట్లు చూడ్డానికి మగోళ్లు రారన్నారు. వాన పెట్టమన్నారు. ఆఖర్లో హీరోను పెట్టమన్నారు. నేను కొట్లాడినా పూర్ణీ. కానీ అవి లేకుంటే సినిమానే లేదన్నారు. ఏమీ లేకపోవడం కంటే ఇంతన్నా మేలు కదా అనుకున్నా."

"పిల్లి?"

దివ్య మొహం తిప్పుకుంది.

"పిల్లిని గుడ కొనేటోళ్లే అడిగిన్రా దివ్యా?"

"అది... తెర మీద బాగుంటుందని నేనే..." అని ఆగిపోయింది.

పూర్ణిమ ఇంకొక్కటి అడిగింది. "నువ్వు హాల్ల కూసోని చూసినవా? ఈలలేస్తున్నప్పుడు ఉన్నవా?"

అబద్ధం చెప్పినా బాగుండేది. దివ్యకు పూర్ణిమ దగ్గర అబద్ధం చెప్పే అలవాటు లేదు. "మొదటి రోజు ఉన్నా. ఈలలు పడంగానే ప్రొడ్యూసర్ నా చెయ్యి నొక్కి, గట్టెక్కినామమ్మా అన్నాడు. ఆ నిమిషం నాకూ... సంతోషమైంది పూర్ణీ. తర్వాత గుర్తొచ్చింది, అది నువ్వని."

శారద కాఫీ గ్లాసులతో పైకి వచ్చేసరికి పూర్ణిమ మెట్లు దిగుతోంది. "ఏమ్మా, తాగకనే పోతావా?" అని ఆ తల్లి పిలిచిన పిలుపు వీధి మలుపు దాకా వెంట వచ్చింది. చెయ్యి వేసిన బావ వల్ల కూడా పూర్ణిమకు ఇంత దుఃఖం కలగలేదు. ఆయన నుంచి ఆమె ఎన్నడూ ఏదీ ఆశించలేదు.

కొన్నాళ్లకు జిమ్నాజియంలో కొత్త పిల్లలు చేరారు. బాలస్వామి సారు సంబరపడ్డాడు. "సినిమా పుణ్యం, ఒక్కపారే ఇంతమంది ఆడపిల్లలు ఎన్నడన్న వచ్చిన్రా? నువ్వే నేర్పియ్యి," అన్నాడు. వాళ్లలో ప్రియాంక ఉంది. మొదటి రోజే పూర్ణిమ దగ్గరికి వచ్చి చేతులు నులుముకుంటూ చెప్పింది.

"అక్కా, మా మౌలాలి బస్సుల ఒకడు రోజు నా ఎన్కనే నిలబడ్తుండె. నేను స్టాప్‌లు మార్చి మార్చి ఎక్కుతుంటి. ఆ సినిమా చూసినంక నిన్న తిరిగి గట్టిగ ఒర్రిన. బస్సు ఆపిచ్చిన. కండక్టర్ వాణ్ణి దింపేసిండు."

ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. పూర్ణిమకు ఆ సినిమాను తిడదామంటే ఈ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. మెచ్చుకుందామంటే చెవుల్లో ఈలలు ఇంకా పోలేదు.

"ఆ వాన సీను చూసినప్పుడు నువ్వు తల దించుకున్నవ్ గద?" అని అడిగింది చివరికి.

ప్రియాంక మొహం చిన్నబోయింది. "అది చూడబుద్ధి కాలేదక్కా. అంతమంది మగోళ్ల నడుమ... నన్నే చూస్తున్నట్టు అనిపిచ్చింది."

"మంచిగ ఒర్రినవ్ పో," అని పూర్ణిమ ఆ పిల్ల భుజం తట్టింది. ఆ రోజు కొత్త పిల్లలకు తన్నడం నేర్పలేదు. కడుపులోంచి అరవడం నేర్పింది.

వానలు తగ్గాక అక్క భారతమ్మ పట్నం వచ్చింది. పంటినొప్పి పెద్దాసుపత్రిలో చూపించుకుని, మక్కగారెల డబ్బా పట్టుకుని హాస్టల్‌కు వచ్చి విజిటర్స్ గదిలో బల్ల మీద కూర్చుంది. చెల్లెలు సినిమాలో చేసిందన్న సంగతి ఊరంతా చాటింది తానే.

"జనగామల ఆడుతుంటే మీ బావ తోల్కపోయిండే. గా ఎగిరేది మా పూర్ణిమనే అని నేనే చూపిచ్చిన. ఆయన మళ్ల దోస్తులను పట్టుకోని ఇంకోపారి పొయ్యొచ్చిండు. గా వాన సీను కాడ మస్తు ఈలలట," అని పంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పూర్ణిమ చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. ఆయన చూశాడు. రెండుసార్లు చూశాడు. దోస్తులతో కలిసి ఈలలు వేస్తూ తన పనిని తెర మీద తానే చూసుకున్నాడు. ఇన్నేళ్లు అక్క సంసారం అనుకుని అదిమి పెట్టిన మాట ఇక ఆగలేదు. గొంతు తగ్గించి, అక్క మొహంలోకి చూస్తూ మొత్తం చెప్పేసింది.

భారతమ్మ మొదట నవ్వు ఆపుకోలేదు. తర్వాత కనుబొమ్మలు ముడిచింది. "ఏందే, సినిమా కథ నాకే చెప్తున్నవా?"

"సినిమా కాదక్కా. నాకైంది."

"పత్తి అర్ర, తలుపేసుడు, పిల్లి... అన్ని సినిమాల ఉన్నయేనాయె! గా ఫైట్లు చేసి చేసి నీ మతి ఖరాబైనట్టున్నది పిల్లా. మీ బావ మీద గింత మాటంటవా?"

"నేను చెప్తే దివ్య రాసిందక్కా."

"ఎవలన్న నమ్ముతరా? సినిమా చూసి వచ్చి చెప్పినవంటరు."

ఆ రోజు జరిగిందానికి పూర్ణిమ దగ్గర ఉన్న సాక్ష్యాలన్నీ తెర మీదికి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఏ ఒక్కటి చెప్పినా అది సినిమాలో ఉన్నదే అవుతుంది. తన బతుకుకు తానే డూప్ అయినట్టుంది. గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆ అర్రను మళ్లీ వెతికింది. దివ్యకు చెప్పనిది ఒక్కటి దొరికింది. అంత చిన్న సంగతి చెప్పడం ఎందుకని అప్పుడు వదిలేసింది.

"బయట నుంచి మీ మామ పిలిచిండక్కా. బావ ఏం కానట్టే 'ఆఁ, వస్తున్న, ఆకులు తెస్తున్న' అన్నడు. నా చేతుల ఉన్న విస్తరాకుల కట్ట గుంజుకోని, అదే పట్టుకోని బయటికి పోయి బంతిల పరిచిండు. నేను అర్రలనే ఉన్న."

భారతమ్మ చేతిలోని డబ్బా మూతను తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"ఆకులు పూర్ణిమను తెమ్మన్న గద, నువ్వెందుకు తెచ్చినవని నేనే అడిగిన ఆయన్ని," అంది ఎవరితోనో అన్నట్టు. "పిల్లకు బరువైతదని తెచ్చిన అన్నడు. ఎంత మంచోడో అనుకున్న."

పూర్ణిమ చెయ్యి పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. అట్లని విదిలించనూ లేదు. ఇద్దరూ తార్నాక దాకా నడిచారు. జనగామ బస్సు దూరంగా కనపడగానే భారతమ్మ చెల్లెలి వైపు తిరిగింది. కళ్లు ఎర్రబడ్డాయి గాని నీళ్లు లేవు.

"నాకిద్దరు ఆడపిల్లలు పూర్ణిమా. ఇది ఇంకెవలకు చెప్పకు. నీకు దండం పెడ్త."

పూర్ణిమకు గుండెలో చివరి ముడి కూడా తెగిపోయినట్టయింది. "రాష్ట్రమంత చూసింది గదక్కా," అంది. "ఇంకా ఎవలకు చెప్పాలె?"

బస్సు ఆగింది. భారతమ్మ ఎక్కి, చెల్లెలి వైపు కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉన్నా అవతలి వైపు వెళ్లి కూర్చుంది. ఉప్పల్ వైపు బస్సు కదిలిపోయింది. ఎక్కే వాళ్లూ దిగే వాళ్లూ తోసుకుంటున్న ఆ చౌరస్తాలో పూర్ణిమ చాలాసేపు నిలబడింది. జిమ్నాజియంలో పిల్లలు వచ్చే వేళయిందని తెలుసు. ప్రియాంక అందరికంటే ముందే వచ్చి తాళం దగ్గర కాచుకుని ఉంటుందనీ తెలుసు. ఆ రోజు మాత్రం ఆమె వెళ్లలేకపోయింది.